గురి తప్పే, గట్టిగా తన్నే పాత వేట రైఫిల్‌ను దారిలో పెట్టడం ఎలా

పాత రైఫిల్ తూటాలు ఒకచోట పడకపోతే చుట్టూ ఉన్నవాళ్లు వెంటనే అనే మాట, “బ్యారెల్ అరిగిపోయింది, మార్చెయ్యి” అని. ఆ మాట నమ్మి మంచి రైఫిళ్లను వదిలేసుకున్నవాళ్లను చూసి బాధేసింది. చిన్న లెక్క వేసి చూడండి. వేటకు మాత్రమే వాడే రైఫిల్ ఏడాదికి పాతిక తూటాలు పేల్చిందనుకుంటే యాభై ఏళ్లకు అయ్యేవి 1,250. థర్టీ నాట్ సిక్స్ లాంటి మామూలు కాలిబర్‌లో, అంటే తూటా కొలతలో, బ్యారెల్ కొన్ని వేల తూటాలు తట్టుకుంటుంది. కాబట్టి బ్యారెల్ అరుగుదలను చివరగా అనుమానించాలి. దానికంటే ముందు చూడాల్సినవి వదులైన స్క్రూలు, ఉబ్బిన చెక్క (రైఫిల్ స్టాక్), బ్యారెల్ లోపలి మెలిక గాళ్లలో పేరుకున్న రాగి, లోపల పాడైన స్కోపు (గురి చూసే దుర్బిణి), బెదిరిపోయిన భుజం.

గురి తప్పడం, గట్టిగా తన్నడం రెండు వేరే ఫిర్యాదుల్లా కనిపిస్తాయి. చాలాసార్లు రెండూ ఒకే చోట మొదలవుతాయి. చెక్క శరీరానికి సరిపోకపోతే తన్ను ఎక్కువ అనిపిస్తుంది, తన్నుకు భయపడిన వేలు ట్రిగ్గర్‌ను గుంజుతుంది, గుంజిన తూటా పక్కకు పోతుంది. అందుకే రెండింటినీ కలిపే వెతకాలి. ఒకసారి ఒక్క మార్పే చేయండి, చేసిన ప్రతిదీ ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. ఖర్చు లేనివి, వెనక్కి తీసుకోగలిగినవి ముందు. ఉలి, డ్రిల్లు, లేత్ పట్టాల్సిన పనులు చివర.

ముందుగా: ఇది పేల్చదగిన రైఫిలేనా?

మ్యాగజీన్ ఖాళీ చేయండి, బోల్టు (వెనక నుంచి తూటాను మూసి ఉంచే కడ్డీ) తీసేయండి, తూటా కూర్చునే ఛాంబర్‌లో వేలు పెట్టి చూసి ఖాళీ అని తేల్చుకోండి. తర్వాత వెనక వైపు నుంచి బ్యారెల్‌ను వెలుతురుకు పట్టి చూడండి. ఏళ్ల తరబడి బీరువాలో ఉన్న రైఫిల్‌లో గట్టిపడిన గ్రీజు, పురుగు గూడు, ఇరుక్కుపోయిన గుడ్డముక్క ఏదైనా ఉండొచ్చు. అడ్డు ఉండగా పేలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, చీలిపోనూ వచ్చు.

కాలిబర్ విషయంలో ఊహలు వద్దు. పాత జర్మన్ రైఫిళ్లలో 8×57 ఐ, 8×57 ఐఎస్ అని రెండు ఉన్నాయి. మొదటిదాని గుండు (తూటా కొసన ఉండి బయటకు దూసుకెళ్లేది) వ్యాసం సుమారు 8.08 మిల్లీమీటర్లు, రెండోదానిది 8.22. పెద్ద గుండును చిన్న బ్యారెల్‌లో పేలిస్తే ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. చేతులు మారిన రైఫిల్‌లో ఎవరో ఛాంబర్‌ను తిరిగి తొలిపించి, బ్యారెల్ మీద పాత గుర్తే వదిలేసి ఉండొచ్చు. అనుమానం ఉంటే తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ చేత ఛాంబర్ అచ్చు తీయించి కొలిపించండి.

సైన్యం వాడి వదిలేసిన వాటిని వేటకు మార్చుకున్న రైఫిళ్లు చాలా ఉన్నాయి. వాటిలో మోడల్ 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ ఉంటే రిసీవర్ (బ్యారెల్ వెనక బోల్టు కదిలే ఉక్కు భాగం) మీద నంబరు చూడండి. స్ప్రింగ్‌ఫీల్డ్ కర్మాగారంలో చేసినదైతే 8,00,000 లోపు, రాక్ ఐలండ్‌లో చేసినదైతే 2,85,507 లోపు నంబర్లున్న రిసీవర్లలో కొన్ని పెళుసుబారి పగిలిన చరిత్ర ఉంది. అలాంటిదాన్ని గోడకు అలంకరించుకోవచ్చు కానీ పేల్చకూడదు.

పేల్చాక మిగిలే ఖాళీ కేసులు (తూటా గొట్టాలు) కూడా చాలా చెబుతాయి. కేసు అడుగుకు కొద్దిగా పైన చుట్టూ మెరిసే వలయం కనిపించినా, అడుగున మందును అంటించే ప్రైమర్ వెనక్కి పొడుచుకొచ్చినా హెడ్‌స్పేస్ ఎక్కువై ఉండొచ్చు, అంటే బోల్టు ముఖానికీ కేసుకూ మధ్య ఉండాల్సినదానికంటే ఎక్కువ ఖాళీ వచ్చిందని. ఇక్కడ ఆగిపోవాలి. గన్‌స్మిత్ గేజ్ పెట్టి కొలిచేదాకా ఇంకో తూటా వద్దు.

టార్గెట్ కాగితాన్ని చదవండి

ఏ స్క్రూ ముట్టుకోకముందే ఇప్పుడున్న పరిస్థితి తెలియాలి. 100 మీటర్ల దూరంలో, ముందు వెనక ఇసుక సంచుల మీద ఆనించి, ఒకే పెట్టెలోని తూటాలతో మూడేసి చొప్పున మూడు గ్రూపులు పేల్చండి. గ్రూపుకూ గ్రూపుకూ మధ్య బ్యారెల్ చేతికి చల్లగా తగిలేదాకా ఆగండి. వేట రైఫిల్ బ్యారెల్ సన్నగా ఉంటుంది, త్వరగా వేడెక్కుతుంది. ఓపిక లేకుండా పది తూటాలు వరుసగా పేల్చి రైఫిల్‌ను తిట్టుకోవడం చాలామంది చేసే తప్పు.

100 మీటర్ల దగ్గర ఒక నిమిషం కోణం (డిగ్రీలో అరవయ్యో వంతు) అంటే దాదాపు 29 మిల్లీమీటర్లు. పాత వేట రైఫిల్ మూడు తూటాలను 40 నుంచి 50 మిల్లీమీటర్లలో పెడుతూ ఉంటే నా దృష్టిలో దానికి ఏ రోగమూ లేదు. దాన్ని ఇంకా బిగించాలని విప్పదీస్తే బాగున్నది చెడుతుంది.

గ్రూపు ఎంత పెద్దదన్నదానికంటే ఏ ఆకారంలో ఉందన్నది ముఖ్యం. తూటాలు నిలువు గీతలా పడితే చెక్క ముందు భాగం బ్యారెల్‌ను కింద నుంచి ఒత్తుతోందేమో, లేదా తూటాల వేగం ఒకదానికొకటి తేడాగా ఉందేమో చూడాలి. అడ్డంగా పరుచుకుంటే గాలి, ట్రిగ్గర్ గుంజడం, ఒక పక్క చెక్క తగలడం. వేడెక్కే కొద్దీ ప్రతి తూటా ఒకే దిక్కుకు జరుగుతూ పోతే దాదాపు ఖాయంగా చెక్క బ్యారెల్‌కు తగులుతోంది. రెండు చిన్న గ్రూపులు పక్కపక్కన పడితే ఏదో ఒకటి రెండు స్థానాల మధ్య ఊగుతోంది: స్కోపు లోపలి భాగం గానీ, చెక్కలో రిసీవర్ గానీ. చల్లని మొదటి తూటా ఒక్కటే దూరంగా పోయి మిగతావి కలిసి పడితే బ్యారెల్‌లో నూనె మిగిలిందని ముందు అనుమానించండి. పేల్చేముందు పొడి గుడ్డతో లోపల తుడిస్తే చాలావరకు తీరిపోతుంది. ఏ పద్ధతీ లేకుండా చెల్లాచెదురైతే స్కోపు, స్క్రూలు, బ్యారెల్ మూతి ఈ వరుసలో చూడండి.

స్క్రూలు, స్కోపు

చెక్కను రిసీవర్‌తో పట్టి ఉంచే స్క్రూలతో మొదలుపెట్టండి. చెక్క ఏళ్ల మీద ఎండుతుంది, నలుగుతుంది. ఫ్యాక్టరీలో బిగించిన స్క్రూ ఇప్పుడు చేత్తో తిరిగినా ఆశ్చర్యం లేదు. గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరే వాడండి, లేకపోతే తల చెడిపోతుంది. చెక్క స్టాక్‌కు సాధారణంగా 4 నుంచి 4.5 న్యూటన్ మీటర్ల బిగువు సరిపోతుంది. రైఫిల్‌ను బట్ (భుజానికి ఆనే వెనక కొస) మీద నిలబెట్టి, రిసీవర్ వెనక్కి ఆనేలా చేసి, ముందు స్క్రూ తర్వాత వెనక స్క్రూ బిగించండి.

1964కు ముందు తయారైన వించెస్టర్ మోడల్ 70లో మూడు స్క్రూలు ఉంటాయి. వాటిలో మధ్యది కేవలం ఆనేంత బిగించాలి. దాన్ని మిగతావాటిలా గట్టిగా తిప్పితే రిసీవర్ వంగి గ్రూపు విచ్చుకుంటుంది. ఆ ఒక్క స్క్రూను పావు చుట్టు వదులు చేయగానే సర్దుకున్న రైఫిళ్లు ఉన్నాయి.

స్క్రూలు వదులుగా ఉంటే తన్ను కూడా మారుతుంది. రిసీవర్ ముందు చెక్కలో కొద్దిగా వెనక్కి జారి అప్పుడు ఢీకొడుతుంది. భుజానికి అది నెట్టులా కాకుండా దెబ్బలా తగులుతుంది, చెక్క కూడా నెమ్మదిగా పగులు తీస్తుంది.

తర్వాత స్కోపు. దాన్ని పట్టుకునే రింగుల పై స్క్రూలు మాత్రమే చూసి వదిలేయకండి. రింగులు తీసి కింద బేసు స్క్రూలు కూడా చూడండి, అసలు వదులు అక్కడే దాక్కుంటుంది. నూనె తుడిచి, తేలికపాటి థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) చుక్క వేసి బిగించండి. రింగుల పై స్క్రూలకు 2 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల చాలు, ఎక్కువైతే స్కోపు గొట్టం నొక్కుకుపోతుంది. గొట్టం మీద రింగు అంచు దగ్గర గీత పడి ఉంటే తన్నినప్పుడల్లా స్కోపు ముందుకు జారుతోందని అర్థం.

స్కోపు బాగుందో లేదో తేల్చే నమ్మకమైన పద్ధతి ఒకటే: ఇంకో రైఫిల్ మీద బాగా పనిచేస్తున్న స్కోపును దీనికి బిగించి చూడటం. అది దొరకకపోతే చతురస్ర పరీక్ష చేయండి. ఒకే చోట గురి పెడుతూ, ఒక తూటా తర్వాత స్కోపును కుడికి ఇరవై క్లిక్కులు, తర్వాత పైకి ఇరవై, ఎడమకు ఇరవై, కిందికి ఇరవై తిప్పి పేల్చండి. చివరి తూటా మొదటిదాని పక్కన పడాలి. పాత స్కోపుల్లో క్లిక్కులు తిప్పినా లోపలి భాగం వెంటనే కదలదు, రెండు మూడు తూటాల తర్వాత ఒక్కసారిగా జరుగుతుంది. అందుకే పాతకాలం వేటగాళ్లు క్లిక్కు తిప్పాక స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టేవారు. ఇప్పటికీ పనికొచ్చే అలవాటే.

బ్యారెల్ లోపల, బ్యారెల్ మూతి

శుభ్రం చేసే రాడ్‌ను ఎప్పుడూ ఛాంబర్ వైపు నుంచి, వీలైతే బోర్ గైడ్ (రాడ్‌ను నిటారుగా నడిపే గొట్టం) పెట్టి తోయండి. మూతి వైపు నుంచి తోసే రాడ్, లాగే తాడు రెండూ మూతి దగ్గరి గాళ్లను కొద్దికొద్దిగా కోసేస్తాయి. సైనిక రైఫిళ్లలో ఆ అరుగు తరచుగా కనిపిస్తుంది.

మందు మసి పోయాక అసలు పని రాగిది. గుండు తొడుగు నుంచి రాసుకుపోయిన రాగి పొరలు పొరలుగా గాళ్లలో అంటుకుంటుంది. అమోనియా ఉన్న సాల్వెంట్‌తో తడిపిన గుడ్డ నీలంగానో ఆకుపచ్చగానో బయటకు వస్తే ఇంకా రాగి ఉందన్నట్టు. ఈ పనికి కంచు బ్రష్ వద్దు, బ్రష్ కరిగినా నీలం రంగే వస్తుంది, మోసపోతారు. నైలాన్ బ్రష్ వాడండి. డబ్బా మీద చెప్పిన సమయం కంటే ఎక్కువసేపు సాల్వెంట్‌ను లోపల ఉంచకండి. ముప్పై ఏళ్లుగా ఎవరూ ముట్టని రాగిని వదిలించడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. పూర్తిగా శుభ్రం చేశాక మొదటి కొన్ని తూటాలు కాస్త చెదరడం సహజం.

పాత సైనిక తూటాలు వాడిన రైఫిలైతే ఇంకో సంగతి ఉంది. వాటి ప్రైమర్లలోని పొటాషియం క్లోరేట్ పేలాక పొటాషియం క్లోరైడ్‌గా మిగులుతుంది. అది ఉప్పు లాంటిదే, గాలిలోని తేమను పట్టి ఉక్కును తినేస్తుంది. నూనెకు అది కరగదు. ముందు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాత నూనె పెట్టాలి.

మూతి చివర గుండు బ్యారెల్‌ను వదిలే అంచు అన్ని వైపులా సమానంగా ఉండాలి. ఒక పక్క చిన్న చొట్ట ఉన్నా వాయువు ఆ పక్కనుంచి ముందుగా తప్పించుకుని గుండును పక్కకు నెడుతుంది. చెవి దూదిపుల్లను ఆ అంచు లోపలి వైపు చుట్టూ తిప్పండి, దూది ఎక్కడ చిక్కుకుంటే అక్కడ దెబ్బ ఉంది. పేల్చాక మూతి మీద పడే మసి చారలు కూడా చూడండి, అన్నీ ఒకే పొడవుంటే మంచిది. అంచును తిరిగి కోయించడం గన్‌స్మిత్‌కు చిన్న పని. ఫలితం మాత్రం పెద్దది.

చెక్క: ఎక్కువ సమయం పెట్టాల్సిన చోటు

నాకు ఎదురైన పాత రైఫిళ్లలో సగానికి పైగా లోపాలు చెక్కలోనే దొరికాయి. వానాకాలంలో ఒకచోట, ఎండాకాలంలో ఇంకోచోట పేల్చే రైఫిల్ గురించి విన్నారా? దానికి దయ్యం పట్టలేదు. తేమకు చెక్క ఉబ్బి బ్యారెల్‌ను తోస్తోంది, అంతే.

పలచని కాగితాన్ని బ్యారెల్‌కూ చెక్క ముందు భాగానికీ మధ్య దూర్చి వెనక్కి లాగండి. ఒక పక్క ఆగి రెండో పక్క జారితే అక్కడ అసమానంగా తగులుతోంది. తగిలే చోట నునుపుగా మెరుస్తూ ఉంటుంది కాబట్టి విప్పాక కంటికే కనిపిస్తుంది. అయితే వెంటనే ఇసుక కాగితం పట్టకండి. చాలా పాత రైఫిళ్లలో చెక్క కొసను కావాలనే పైకి ఒత్తేలా చేశారు, ఆ ఒత్తిడి సన్నని బ్యారెల్ కంపాన్ని అదుపులో పెడుతుంది. ముందు తాత్కాలికంగా పరీక్షించండి: చెక్క కొస దగ్గర బ్యారెల్ కింద ఒకటి రెండు చిన్న అట్ట ముక్కలు పెట్టి పేల్చండి. గ్రూపు బిగుసుకుంటే మీ రైఫిల్ ఒత్తిడి కోరుకుంటోంది. తేడా లేకపోయినా, చెడినా అప్పుడు బ్యారెల్ చుట్టూ ఖాళీ చేయించడం ఆలోచించండి. తీసేసిన చెక్క తిరిగి రాదు.

రెండో పరీక్ష రిసీవర్ కూర్చున్న తీరుది. బ్యారెల్, చెక్క కొస కలిసేచోట వేలు ఆనించి పట్టుకుని ఇంకొకరిని ముందు స్క్రూ వదులు చేసి మళ్లీ బిగించమనండి. బ్యారెల్ పైకి లేచినట్టు వేలికి తెలిస్తే రిసీవర్ కింద చెక్క సమంగా లేదు. డయల్ గేజ్ ఉంటే 0.05 మిల్లీమీటరు దాటిన కదలికను లోపంగా లెక్కించండి. దీనికి మందు ఎపాక్సీ బెడ్డింగ్, అంటే రిసీవర్ కింద ఎపాక్సీ జిగురు పోసి సమంగా కూర్చోబెట్టడం. స్క్రూల చుట్టూ లోహపు గొట్టాలు కూడా వేయిస్తే చెక్క నలగడం ఆగుతుంది. చేతిపని వచ్చినవాళ్లు ఇంట్లో చేసుకోవచ్చు కానీ విడిపోవడానికి పూసే రిలీజ్ ఏజెంట్ ఒక్క చోట మర్చిపోయినా రిసీవర్ చెక్కలో శాశ్వతంగా అతుక్కుంటుంది. మొదటిసారైతే తెలిసినవాళ్ల పక్కన కూర్చుని చేయండి.

రిసీవర్ కింద ముందు వైపు ఉండే రికాయిల్ లగ్, అంటే తన్నును చెక్కలోకి దించే దిమ్మ, దాని వెనక ముఖం చెక్కకు పూర్తిగా ఆనాలి. ఆనకపోతే ఆ బలమంతా రిసీవర్ వెనక తోక మీద పడి, అక్కడ చెక్క చీలుతుంది. తోక వెనక సన్నని గీత కనిపిస్తే అది పైపై పాలిష్ పగులు అనుకుని వదిలేయకండి. తోకకూ చెక్కకూ మధ్య సుమారు అర మిల్లీమీటరు ఖాళీ ఉండాలి.

చెక్క లోపల నల్లగా, మెత్తగా అయి ఉంటే అది నూనె తాగిన చెక్క. నూనె రాసిన రైఫిల్‌ను మూతి పైకి పెట్టి నిలబెడితే ఏళ్ల తరబడి నూనె కిందికి దిగి చెక్కను కుళ్లబెడుతుంది. నూనె రాశాక కొన్ని గంటలు మూతి కిందికి ఉండేలా పెట్టడం మంచిది. మెత్తబడిన చెక్క మీద బెడ్డింగ్ అంటుకోదు, ముందు ఆ నూనెను లాగించాలి.

తూటా మార్చి చూడటం

ఒకే కాలిబర్‌లో ఒక రైఫిల్‌కు నచ్చిన తూటా పక్క రైఫిల్‌కు నచ్చదు. రెండు మూడు బరువుల గుండ్లు, రెండు మూడు తయారీలు పేల్చి చూడండి. బరువు గుండు పొడవుగా ఉంటుంది, దాన్ని నిలకడగా తిప్పడానికి గాళ్ల మెలిక బిగువుగా ఉండాలి. 1955లో వచ్చిన .244 రెమింగ్టన్‌లో మెలిక 12 అంగుళాలకు ఒక చుట్టు, దాంతో 100 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు బరువుకు వాడే కొలత) గుండ్లు సరిగా నిలబడలేదు. 1963లో అదే కేసును 6 మిల్లీమీటర్ల రెమింగ్టన్ పేరుతో 9 అంగుళాల మెలికతో మళ్లీ తెచ్చారు. కాగితం మీద రంధ్రాలు గుండ్రంగా కాకుండా కోలగా పడుతుంటే మీ బ్యారెల్‌కు ఆ గుండు పొడవెక్కువైందని తెలుసుకోండి.

తన్ను సంగతి

తన్నును లెక్క కట్టొచ్చు. 180 గ్రెయిన్ల గుండును సెకనుకు 823 మీటర్ల వేగంతో పంపే థర్టీ నాట్ సిక్స్, 3.6 కిలోల రైఫిల్‌లో సుమారు 27 జౌళ్ల శక్తితో వెనక్కి తంతుంది. అదే రైఫిల్‌ను అర కిలో బరువెక్కిస్తే దాదాపు 24 జౌళ్లకు దిగుతుంది. 150 గ్రెయిన్ల గుండుకు మారినా దాదాపు అంతే తగ్గుతుంది. బట్ లోపలి ఖాళీలో బరువు పెట్టడం, తేలిక గుండు ఎంచుకోవడం ఖర్చు తక్కువ దారులు.

ఎంత శక్తితో తన్నిందన్నది ఒకటి, అది శరీరానికి ఎలా తగిలిందన్నది ఇంకొకటి. పాత రైఫిళ్లలో ఎక్కువ ఇబ్బంది రెండోదానిదే. వాటి స్టాక్‌లు ఇనుప సైట్లతో గురి చూసే రోజుల్లో చేసినవి. చెంప ఆనే గట్టు కిందికి ఉంటుంది. పైన స్కోపు బిగించాక కంటిని ఎత్తాలి కాబట్టి చెంప గాలిలో ఉంటుంది, పేల్చగానే చెక్క వచ్చి దవడకు కొడుతుంది. గట్టు మీద కట్టుకునే మెత్తని కవర్‌తో ఎత్తు పెంచి చూడండి, చెక్కకు ఏ హానీ ఉండదు. కన్ను మూసి రైఫిల్ భుజానికెత్తి, తర్వాత కన్ను తెరిస్తే స్కోపు నిండుగా కనబడాలి.

బట్ చివర ఉక్కు పలకో, రాయిలా గట్టిపడిన రబ్బరో ఉంటే గోరుతో నొక్కండి. గోరు దిగకపోతే ఆ ప్యాడ్ పని అయిపోయింది. కొత్త మెత్తని ప్యాడ్ మీరు చేసే మార్పుల్లో అన్నిటికంటే ఎక్కువ హాయినిచ్చేది. ప్యాడ్ మందంతో బట్ పొడవు పెరుగుతుంది కాబట్టి చెక్క కోయకముందు టేపుతో అంటించి కొలవండి. ట్రిగ్గర్ నుంచి బట్ చివరకు 34 సెంటీమీటర్ల చుట్టుపక్కల సాధారణం, పొట్టి చేతులకు తక్కువ కావాలి. స్కోపు కంటికి మరీ దగ్గరగా ఉంటే నుదురు తెగుతుంది, 8 సెంటీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి.

బల్ల మీద కూర్చుని పేల్చినప్పుడు శరీరం ముందుకు వాలి, బట్ కాలర్ ఎముక మీదకు వస్తుంది. నిలబడి పేల్చినప్పటి కంటే దెబ్బ ఎక్కువ తగలడానికి కారణం అదే. బల్ల ఎత్తు పెంచి నిటారుగా కూర్చోండి, భుజానికీ బట్‌కూ మధ్య చిన్న ఇసుక సంచి పెట్టండి. చెవుల్లో బిరడాలు, పైన ఇయర్‌మఫ్‌లు రెండూ వాడండి. శబ్దానికి ఉలిక్కిపడటాన్ని మనం తన్నుకు భయపడటం అనుకుంటాం. మూతికి బ్రేక్, అంటే వాయువును పక్కలకు మళ్లించే రంధ్రాల గొట్టం, బిగిస్తే తన్ను బాగా తగ్గుతుంది కానీ శబ్దం భరించరానంత పెరుగుతుంది, బ్యారెల్‌కు మర కోయాలి, పాత రైఫిల్ విలువ పోతుంది. నేనైతే దాన్ని చివరికి ఉంచుతాను.

ఇప్పటికే బెదురు పట్టుకుంటే అది తెలియకుండా ఉండదు. స్నేహితుడి చేత మ్యాగజీన్‌లో నిజమైన తూటాల మధ్య ఒకటి రెండు డమ్మీలు పెట్టించండి, ఎక్కడున్నాయో మీకు తెలియకూడదు. డమ్మీ మీద ట్రిగ్గర్ పడినప్పుడు మూతి కిందికి దుమికిందా? గురి తప్పిస్తున్నది మీరే, రైఫిల్ కాదు. దీనికి చికిత్స ఖాళీ రైఫిల్‌తో స్నాప్ క్యాప్ (సాధనకు వాడే ఉత్తుత్తి తూటా) పెట్టుకుని రోజూ పది పదిహేను సార్లు ట్రిగ్గర్ సాధన, తర్వాత తన్ను తక్కువైన .22 రైఫిల్‌తో కొన్ని వారాలు. నాకు ఈ బెదురు పోవడానికి మూడు నెలలు పట్టింది, ఆ మూడు నెలలూ పెద్ద రైఫిల్ ముట్టుకోలేదు.

ట్రిగ్గర్

ట్రిగ్గర్ బరువుగా, గరుకుగా ఉంటే ముందు ఎండిపోయిన నూనెను కడిగి చూడండి. సియర్‌ను, అంటే ట్రిగ్గర్ నొక్కేదాకా ఫైరింగ్ పిన్‌ను ఆపి ఉంచే కొక్కేన్ని, రాయితో అరగదీయడం ఇంట్లో చేసే పని కాదు, రైఫిల్ కింద పడగానే పేలే పరిస్థితి వస్తుంది. బోల్టును గట్టిగా మూసినప్పుడు, ఖాళీ రైఫిల్ బట్‌ను రబ్బరు చాప మీద తట్టినప్పుడు ఫైరింగ్ పిన్ జారితే ఆ రైఫిల్‌ను అప్పుడే పక్కన పెట్టి గన్‌స్మిత్‌కు ఇవ్వండి.

ఇవన్నీ అయ్యాక

ఇన్ని చేసినా గ్రూపు బిగియకపోతే అప్పుడు బోర్‌స్కోప్‌తో (బ్యారెల్ లోపలికి చూసే పరికరంతో) బ్యారెల్ చూపించండి. ఛాంబర్ ముందు గొంతు దగ్గర ఉక్కు మొసలి చర్మంలా పగుళ్లు తీసి, గాళ్ల మొదలు కనిపించకపోతే నిజంగానే అరిగింది. మూతి దగ్గర మాత్రమే అరిగితే రెండు మూడు సెంటీమీటర్లు కోయించి కొత్త అంచు పెట్టిస్తే చాలు. అలా కోయించాక బ్యారెల్ మీ ప్రాంత చట్టం చెప్పిన కనీస పొడవుకు తగ్గకూడదు.

సర్దుకున్న రైఫిల్‌కు చివరి పరీక్ష ఒకటి ఉంది. ఒకే టార్గెట్ కాగితాన్ని దాచుకుని, మూడు వేర్వేరు రోజుల్లో, చల్లని బ్యారెల్‌తో, రోజుకు ఒక్క తూటా మాత్రమే దాని మీద పేల్చండి. ఇసుక సంచులు వద్దు, వేటలో మీరు ఎలా కూర్చుంటారో అలా. వేటలో జంతువు మీదకు వెళ్లేది ఆ చల్లని మొదటి తూటాయే. ఆ మూడు రంధ్రాలు గురి పెట్టిన చోటుకు ఎంత దూరంలో పడ్డాయో కొలిచి, ఎంత దూరం వరకు ట్రిగ్గర్ నొక్కాలో దాన్నిబట్టి నిర్ణయించుకోండి. స్క్రూల బిగువు, తూటా పేరు, గుండు బరువు, స్కోపు క్లిక్కులు ఆ కాగితం వెనకే రాసి రైఫిల్ పెట్టెలో ఉంచండి.